గ్దాన్‌స్క్: సముద్రం కనిపించని రేవు ఊరు

మీ ప్రశ్న చదివాను. జూన్‌లో వార్సా నుంచి రైల్లో గ్దాన్‌స్క్ వెళ్తున్నామని, అది బాల్టిక్ సముద్రం మీద వెయ్యేళ్ళ రేవని అందరూ అంటున్నా మ్యాప్‌లో చూస్తే పాత ఊరు సముద్రానికి ఐదారు కిలోమీటర్లు లోపలికి ఉందని, మరి రేవు ఎలా అయిందని అడిగారు. పాత పుస్తకాల్లో డాన్‌జిగ్ అని ఉంది కదా, అసలు ఇది జర్మనీ ఊరా, పోలండ్ ఊరా అని కూడా అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండోది సగం తేలిపోతుంది కాబట్టి అదే వరసలో చెప్తాను.

నాది కాకినాడ. సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. గ్దాన్‌స్క్‌కి చాలాసార్లు వెళ్ళాం. ఒకసారి ఓడ రిపేరుకి పెడితే అయిదు వారాలు అక్కడే ఉండిపోయాను. డ్యూటీ దిగిన ప్రతిసారీ ఊరు తిరిగేవాణ్ణి. ఇన్ని రేవులు చూశాను గానీ, నేల ఎలా ఉందో దాన్నిబట్టి ఊరి రాత ఎలా మారిందో ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి చూడలేదు.

ముందు నది సంగతి. విస్తులా నది (వాళ్ళు విస్వా అంటారు) పోలండ్ దక్షిణాన కొండల్లో పుట్టి, క్రాకోవ్, వార్సా మీదుగా 1,047 కిలోమీటర్లు పారి ఈ ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. లోపలి పొలాల్లో పండిన రై, గోధుమ, అడవుల్లో కొట్టిన కలప, తారు, మైనం అన్నీ నీళ్ళ మీద కిందికి వస్తే చివరికి చేరేది ఇక్కడికే. రోడ్లు సరిగా లేని కాలంలో అంత పెద్ద దేశానికి సముద్రం వైపు ఉన్న ప్రధాన వాకిలి ఇది. ఆ వాకిట్లో ఎవరు కూర్చుంటే సుంకం వాళ్ళది. ఇక్కడికి ఎవరు యుద్ధానికి వచ్చినా దీని కోసమే వచ్చారు.

మరి ఊరు సరిగ్గా నది ఒడ్డునే, సముద్రం అంచునే ఎందుకు కట్టలేదు? విస్తులా అంత నమ్మదగ్గ నది కాదు. చలికాలంలో గడ్డకడుతుంది. చలి తగ్గగానే మంచు పలకలు కొట్టుకొచ్చి, ఇరుకు చోట ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆనకట్టలా నిలబడిపోతాయి. వెనక నీళ్ళు పొంగి ఊళ్ళ మీద పడతాయి. పైగా ఇసుక మోసుకొచ్చి నోటి దగ్గర మేట వేస్తుంది. అందుకని పాతకాలం వాళ్ళు విస్తులాలో కలిసే మొత్వావా అనే చిన్న నది ఒడ్డును ఎంచుకున్నారు. మొత్వావాలో నీళ్ళు నెమ్మదిగా కదులుతాయి, ఇసుక తక్కువ, గాలివాన వచ్చినా అల రాదు. పడమర వైపు కొండలు, తూర్పున బురద పల్లం. శత్రువు రావడానికి దారులు తక్కువ. చిన్న చెక్క ఓడల రోజుల్లో ఐదారు కిలోమీటర్లు లోపలికి రావడం లెక్కలోకి వచ్చే దూరం కాదు.

బాల్టిక్ సముద్రం కూడా మన సముద్రంలాంటిది కాదు. ఆటుపోట్లు దాదాపు లేవు. కాకినాడలో పోటు ఎప్పుడు వస్తుందో చూసుకుని పడవలు కదిలించిన వాళ్ళకి అది వింతగా ఉంటుంది. నీళ్ళు రోజంతా ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి గోదాముల గోడల్ని ఏకంగా నీటి అంచునే కట్టేశారు. ఉత్తరపు గాలి గట్టిగా కొడితే మాత్రం నీళ్ళు మొత్తం ఒడ్డు మీదికి తోసుకొస్తాయి. ఉప్పు కూడా తక్కువ, మామూలు సముద్రంలో ఐదో వంతు ఉంటుంది. ఇది మా పనిలో పెద్ద విషయం. ఉప్పు తగ్గితే నీటి సాంద్రత తగ్గుతుంది, ఓడ ఇంకాస్త లోతుకి దిగుతుంది. అట్లాంటిక్‌లో 12 మీటర్ల డ్రాఫ్ట్‌తో (ఓడ నీళ్ళలో మునిగే లోతు) తేలే ఓడ గ్దాన్‌స్క్ చేరేసరికి అదే బరువుతో దాదాపు జానెడు ఎక్కువ మునుగుతుంది. ఆ జానెడు లెక్కలో పొరపాటు జరిగితే అడుగు నేలకి తగులుతుంది. మొదటిసారి ఆ లెక్క నా చేత చేయించినప్పుడు నాకు ఎంత టెన్షన్ పట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

ఉత్తరాన హెల్ అనే ఇసుక తిన్నె 35 కిలోమీటర్ల పొడవున సన్నగా సముద్రంలోకి సాగి ఉంటుంది. పెద్ద అలల్ని అదే ఆపుతుంది. మా ఊరికి హోప్ ఐలాండ్ ఎలాగో వాళ్ళకి హెల్ అలాగ.

ఇప్పుడు ఇసుక కథ. వీస్వొఉయ్‌శ్చె అని ఒక కోట ఉంది, ఆ పేరుకి అర్థమే "విస్తులా నోరు". 1482లో అక్కడ ఇటుకలతో దీపస్తంభం కట్టారు. అప్పుడది నది సముద్రంలో కలిసే చోటు. ఇప్పుడు అక్కడ నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేది కాలువ, అవతల రేవు. సముద్రం జరిగిపోయింది. నది తెచ్చిన ఇసుక ముందుకు మేటవేసి, 17వ శతాబ్దంలో కొత్తగా ఒక తిన్నె నీళ్ళలోంచి లేచింది. జర్మన్‌లో దాన్ని వెస్టర్‌ప్లాట్టే అన్నారు, పడమటి తిన్నె అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో మొదటి గుండ్లు పడ్డ చోట్లలో ఒకటిగా మీరు ఆ పేరు విని ఉంటారు. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు ఆ నేల లేనే లేదు. పాత నోరు పూడుకుపోతుంటే ఓడల కోసం తిన్నె పక్కనుంచి కాలువ తీశారు, అక్కడ పుట్టిన పేటే నోవి పోర్ట్, అంటే కొత్త రేవు.

1840 ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి నది తనే తీర్పు చెప్పేసింది. మంచు పలకలు అడ్డం పడి నీళ్ళు పొంగి, ఊరికి తూర్పున గూర్కి అనే పల్లె దగ్గర ఇసుక దిబ్బల్ని తెంచుకుని సూటిగా సముద్రంలోకి దూకింది. ఆ కొత్త పాయకి పోలిష్‌లో "తెగువ గల విస్తులా" అని పేరు పెట్టారు. తర్వాత అప్పట్లో ఊరిని ఏలుతున్న ప్రష్యా అనే జర్మన్ రాజ్యం ప్రభుత్వం ఇంకా తూర్పున సుమారు 7 కిలోమీటర్ల కాలువ తవ్వించి, 1895లో నది ప్రవాహం మొత్తాన్ని అందులోకి మళ్ళించింది. ఊరి దగ్గర మిగిలిన పాయని ఇప్పుడు "చనిపోయిన విస్తులా" అంటారు. అది చనిపోవడమే రేవుకి కలిసొచ్చింది. వరద లేదు, మేట లేదు, చెరువులా నిలకడగా ఉండే నీళ్ళు. షిప్‌యార్డులు అన్నీ దాని ఒడ్డునే పెరిగాయి.

తూర్పు డెల్టాని జువావీ అంటారు. కొంత భాగం సముద్ర మట్టానికి కిందే ఉంటుంది. 16వ శతాబ్దం నుంచి హాలండ్ వైపు నుంచి వచ్చిన మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖ రైతులు కట్టలు వేసి, గాలిమరలతో నీళ్ళు తోడి దాన్ని సాగులోకి తెచ్చారు. 1945లో యుద్ధం చివర జర్మన్ సైన్యం కట్టలు తెంచి నీట ముంచింది. ఇప్పటికీ అక్కడ పంపులు ఆగితే పొలాలు నిలవవు.

డబ్బు సంగతికి వస్తాను. 1361 నాటికే గ్దాన్‌స్క్ హాన్సా కూటమిలో ఉంది. ల్యూబెక్ నుంచి రీగా దాకా వ్యాపారుల ఊళ్ళన్నీ కలిసి నడిపిన కూటమి అది. కానీ ఊరు నిజంగా సంపన్నమైంది 16, 17 శతాబ్దాల్లో, ధాన్యంతో. 1618లో ఈ రేవు నుంచి లక్ష లాస్టులకు పైగా ధాన్యం బయటికి వెళ్ళింది. లాస్టు అంటే రెండు టన్నులకు పైమాట. ఎక్కువ భాగం ఆమ్‌స్టర్‌డామ్‌కి పోయేది. డచ్చి వాళ్ళు తమ బాల్టిక్ వ్యాపారాన్ని "తల్లి వ్యాపారం" అనేవారు. మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదట్లో కొట్టు తెరిచి మన కలంకారీ గుడ్డలు కొన్నదీ ఆ డచ్చి వాళ్ళే, వాళ్ళ ఇంట్లో రొట్టె ఇక్కడి రై పిండిది.

పైనుంచి ధాన్యం తెచ్చిన పడవవాళ్ళు కొన్ని రకాల పడవల్ని ఇక్కడే విప్పేసి కలప కింద అమ్మి, కాలినడకన ఇంటికి వెళ్ళేవారు. ధాన్యం దించేది గాదెల దీవిలో. అది మొత్వావా మధ్యలో ఉంది, 1576లో రెండో వైపు కూడా కాలువ తవ్వడంతో పూర్తిగా దీవి అయింది. మంచి రోజుల్లో మూడు వందలకు పైగా గాదెలు ఉండేవి. నిప్పు వెలిగించడం నిషేధం, రాత్రి గేట్లు మూసి కుక్కల్ని వదిలేసేవారు. 1945లో అదంతా కాలిపోయి, పదుల ఏళ్ళు మొండిగోడలతో పడి ఉంది. నేను మొదట చూసినప్పుడు ఆ గోడల మీద చెట్లు మొలిచి ఉన్నాయి. ఇప్పుడు హోటళ్ళు, ఫ్లాట్లు వచ్చేశాయి. పాత గాదెల ఆకారంలోనే కట్టారు, అందుకు సంతోషం. కానీ ఆ మొండిగోడల్లో కొన్నిటినైనా అలాగే ఉంచాల్సిందని నాకు అనిపిస్తుంది.

దీవికి ఎదుటి ఒడ్డున ఉన్నదే జురావ్, ఊరి ఫొటోలన్నిట్లో కనిపించే నల్లటి చెక్క క్రేన్. పోలిష్‌లో ఆ మాటకి కొంగ అని కూడా అర్థం, చూస్తే అలాగే ఉంటుంది, నీళ్ళ మీదికి మెడ చాచిన కొంగలాగ. 1442, 1444 మధ్య కట్టారు. రెండు పక్కలా లావాటి ఇటుక బురుజులు, మధ్యలో చెక్క గూడు. అదే ఊరి గేటు, అదే క్రేన్. లోపల పెద్ద పెద్ద చెక్క చక్రాలు ఉంటాయి. మనుషులు వాటి లోపలికి దిగి నడిచేవారు, నడుస్తుంటే చక్రం తిరిగి తాడు చుట్టుకుని బరువు లేచేది. నాలుగు టన్నుల్ని 11 మీటర్ల ఎత్తుకి ఎత్తగలిగేది. ఓడలకి తెరచాప కొయ్యలు (మాస్టులు) నిలబెట్టింది కూడా దీంతోనే. 1945లో చెక్కంతా కాలిపోయింది, బురుజులు నిలిచాయి, తర్వాత పాత కొలతలతో మళ్ళీ కట్టారు. 2024లో మరమ్మతులు పూర్తయి తెరిచారు. లోపలికి వెళ్ళినప్పుడు చక్రం పక్కన ఊరికే నిలబడి చూడండి. మాస్టు నిలబెడుతున్నప్పుడు కింద ఓడ మీద ఉన్నవాడి అరుపు విని, లోపల చీకట్లో నడుస్తున్నవాళ్ళు ఒక్క అడుగు ఎక్కువ వేయకుండా ఆగాలి. క్రేన్ కింద పనిచేసినవాడికి ఆ ఒక్క అడుగు విలువ తెలుస్తుంది.

ఇక ఊరు ఎవరిది అన్న ప్రశ్న. 997లో అడాల్బర్ట్ అనే మత ప్రచారకుడు ఇక్కడికి వచ్చాడు, ఆయన జీవిత కథలో ఈ ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది. అప్పుడిది పోలండ్ పాలకుల కింద, తర్వాత స్థానిక స్లావిక్ ప్రభువుల కింద ఉంది. 1308లో ట్యుటానిక్ నైట్లు అనే జర్మన్ సైనిక సన్యాసులు ఊరిని పట్టుకుని చాలామందిని చంపారు. ఆ పాలకులే తర్వాత రదూన్యా నది నుంచి కాలువ తవ్వించి, 18 చక్రాల పెద్ద మిల్లు కట్టించి ఊరిని పెంచారు. జర్మన్ మాట్లాడే వ్యాపారులు స్థిరపడ్డారు. కానీ పన్నులు, ఆంక్షలు భరించలేక 1454లో ఆ వ్యాపారులే నైట్ల మీద తిరగబడి, పోలండ్ రాజు కాజిమిర్‌ని తమ రాజుగా ఒప్పుకున్నారు. పదమూడేళ్ళ యుద్ధానికి డబ్బు పోశారు. బదులుగా రాజు సొంత నాణేలు, సొంత చట్టాలు, రేవు మీద అధికారం ఇచ్చాడు. ఊరి చిహ్నంలో రెండు సిలువల మీద బంగారు కిరీటం ఉంటుంది, అది 1457లో ఆయన ఇచ్చినదే. ట్రామ్‌ల మీద కూడా కనిపిస్తుంది, గమనించండి.

అప్పటి నుంచి 1793 దాకా, అంటే మూడు వందల ఏళ్ళకు పైగా, ఇది పోలండ్ రాజు నీడలో ఉన్న, ఎక్కువగా జర్మన్ మాట్లాడే ఊరు. డచ్చి శిల్పులు కట్టారు, స్కాట్లండ్ వ్యాపారులు పేటలు వేసుకున్నారు, యూదులు, మెనొనైట్లు శివార్లలో బతికారు. రాజు నచ్చకపోతే ఎదురు నిలిచేవారు కూడా. 1577లో పోలండ్ రాజు స్తెఫాన్ బాతోరి ముట్టడిస్తే గోడలు దాటనివ్వలేదు, చివరికి డబ్బిచ్చి రాజీ పడ్డారు. అందుకే "ఎప్పుడూ జర్మనీదే" అన్నవాళ్ళూ, "ఎప్పుడూ పోలండ్‌దే" అన్నవాళ్ళూ ఈ మూడు శతాబ్దాల్ని సగమే చెప్తారు. ఆనాటి ఊరివాళ్ళని అడిగితే మేం గ్దాన్‌స్క్ వాళ్ళం అనేవారని నా నమ్మకం.

ఆ కాలంలోనే ఇక్కడ హెవేలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. బీరు కాచే వ్యాపారం చేస్తూ, ఇళ్ళ పైకప్పుల మీద దూరదర్శినులు పెట్టి చంద్రుణ్ణి చూసి 1647లో చంద్రుడి పటాల పుస్తకం వేశాడు. ఫారెన్‌హీట్ 1686లో ఇక్కడే పుట్టాడు. పిల్లాడికి ఒళ్ళు కాలుతుంటే మనం "నూట రెండు ఉంది" అంటామే, అది ఆయన కొలతే.

1772లో ప్రష్యా చుట్టుపక్కల నేలంతా తీసుకుని, ఊరిని మాత్రం వదిలి, నది మీద సుంకం చౌకీలు పెట్టింది. వాకిలి గొంతు నొక్కితే వ్యాపారం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో నీరసించిపోయాక 1793లో ఊరిని కలిపేసుకుంది. మధ్యలో నెపోలియన్ కాలంలో కొన్నేళ్ళు తప్ప, మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇది ప్రష్యా, జర్మనీల ఊరు. డాన్‌జిగ్ అని మీరు చదివినది ఎక్కువగా ఈ కాలం, దాని తర్వాతి కాలం.

1920లో దీన్ని నానాజాతి సమితి రక్షణలో స్వేచ్ఛా నగరం చేశారు. జనంలో అత్యధికులు జర్మన్లు, రేవు వాడుకునే హక్కు పోలండ్‌ది. సొంత స్టాంపులు, 1923 నుంచి సొంత నాణెం గుల్డెన్. ఆ ఏర్పాటు ఎవరికీ నచ్చలేదు. పోలండ్ పక్కనే గ్దీన్యా అనే చేపల పల్లెలో కొత్త రేవు కట్టుకుంది, పదిహేనేళ్ళు తిరగకుండానే అది గ్దాన్‌స్క్‌ని మించింది. 1939 ఆగస్టు 25న ష్లెస్విగ్-హోల్‌స్టీన్ అనే జర్మన్ యుద్ధనౌక మర్యాద సందర్శన పేరుతో కాలువలోకి వచ్చి, వెస్టర్‌ప్లాట్టేకి ఎదురుగా కట్టేసుకుంది. సెప్టెంబర్ 1 తెల్లవారుజామున ఫిరంగులు పేల్చింది. అవతల ఉన్నది సుమారు రెండు వందల మంది పోలిష్ సైనికులు. వారం రోజులు నిలబడ్డారు. ఆ కాలువ వెడల్పు చూస్తే గుండె బరువెక్కుతుంది. అంత దగ్గర నుంచి అంత పెద్ద గుండ్లు.

1945 మార్చి చివర సోవియట్ సైన్యం వచ్చేసరికి ఊరి నడిబొడ్డు దాదాపు తొంభై శాతం నేలమట్టం. జర్మన్లు పారిపోయారు, మిగిలినవాళ్ళని పంపేశారు. వాళ్ళ స్థానంలో మధ్య పోలండ్ నుంచి, సోవియట్లకి పోయిన వీల్నో, ల్వూవ్ (ఇప్పటి విల్నియస్, ల్వివ్) వైపు నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళు చేరారు. తమది కాని ఊరిని వాళ్ళు ఇటుక ఇటుకగా మళ్ళీ కట్టారు. ఏ కాలం రూపంలో కట్టాలి? ప్రష్యా కాలపు రూపం వద్దనుకుని, డచ్చి శిల్పుల నాటి ముఖాలు ఎంచుకున్నారు. మీరు పొడవాటి బజారు, ద్వూగి తార్గ్‌లో నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర నిలబడి చూసే ఆ సన్నటి రంగురంగుల ఇళ్ళు 1600 నాటివిలా కనిపిస్తాయి. చాలావాటి వెనకున్నది 1950లలో కార్మికుల కోసం కట్టిన మామూలు ఫ్లాట్లు. దాన్ని నకిలీ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. సర్వం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు చేసిన పని అది.

షిప్‌యార్డు గురించి కూడా చెప్పాలి. మన నేవీ చాలా ఏళ్ళు వాడిన పోల్నొచ్నీ రకం ల్యాండింగ్ షిప్పులకి ఆ పేరు వచ్చింది ఈ ఊళ్ళోని ఉత్తర షిప్‌యార్డు నుంచే. దాని పక్కదే లెనిన్ షిప్‌యార్డు. 1970 డిసెంబర్‌లో తిండి ధరలు పెంచితే కార్మికులు రోడ్డెక్కారు, తీరపు ఊళ్ళలో కాల్పుల్లో 40 మందికి పైగా పోయారు. పదేళ్ళ తర్వాత, 1980 ఆగస్టులో, అన్నా వాలెంతీనోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ని పెన్షన్‌కి అయిదు నెలల ముందు పనిలోంచి తీసేశారు. ఆమెని తిరిగి తీసుకోవాలన్న డిమాండ్‌తో ఆగస్టు 14న సమ్మె మొదలైంది. ఎలక్ట్రీషియన్ లెహ్ వవెన్సా (మన పేపర్లు లెక్ వలేసా అని రాసేవి) నాయకుడయ్యాడు. 21 డిమాండ్లు చెక్క పలకల మీద చేత్తో రాసి గేటుకి వేలాడదీశారు. ఆగస్టు 31న ప్రభుత్వం సంతకం పెట్టింది. సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టింది అక్కడే. ఆ పలకలు ఇప్పుడు గేటు పక్కన మ్యూజియంలో ఉన్నాయి, తుప్పు రంగు ఇనప రేకుల భవనం, ఓడ పక్కలాగ ఉంటుంది. కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

రేవు మాత్రం సముద్రం వెనకాలే నడుస్తూ వచ్చింది. జురావ్ దగ్గర నుంచి నోవి పోర్ట్‌కి, 1970లలో ఇంకా ముందుకి, లోతైన ఉత్తర రేవుకి. 2007లో మొదలైన కంటైనర్ టెర్మినల్‌కి చైనా నుంచి 400 మీటర్ల ఓడలు వస్తాయి. ఇంకా లోతుగా మునిగే ఓడలు రాలేకపోవడానికి కారణం గ్దాన్‌స్క్ కాదు, బాల్టిక్‌లోకి వచ్చే దారిలో డెన్మార్క్ దగ్గరున్న జలసంధులు. అక్కడ 15 మీటర్లకు కాస్త పైగా మునిగే ఓడ వరకే దారి.

ఇదంతా ఒకే రోజులో చూడాలంటే పాత ఊరి గట్టు మీద వెస్టర్‌ప్లాట్టే పడవ ఎక్కండి, వేసవిలో నడుస్తాయి. గాదెల దీవి, షిప్‌యార్డు క్రేన్లు, రిపేరు డాకులు, వీస్వొఉయ్‌శ్చె కోట, చివర నోవి పోర్ట్ దీపస్తంభం. 1894 నాటి ఆ దీపస్తంభం పైన ఒక కడ్డీకి పెద్ద బంతి ఉంటుంది. మధ్యాహ్నం సరిగ్గా 12కి అది కిందికి జారితే రేవులోని ఓడలన్నీ గడియారాలు సరిచేసుకునేవి. సరైన టైమ్ లేకపోతే సముద్రంలో మీరు ఎక్కడున్నారో లెక్క కట్టలేరు. ఇప్పుడు మళ్ళీ పెట్టారు, జారడం చూడగలిగితే చూడండి. జూన్ అయినా జాకెట్ మాత్రం మర్చిపోకండి, నీళ్ళ మీద గాలి చురుక్కుమంటుంది.

రెండో రోజు ఉంటే తూర్పున మికొషేవో పల్లెకి వెళ్ళండి. 1895లో తవ్విన పాయ కలిసేది అక్కడే. నది ఇంకా ఇసుక పోస్తూనే ఉంది, కొత్త తిన్నెలు లేస్తూనే ఉన్నాయి. వాటి మీద బూడిద రంగు సీల్‌లు ఎండ కాగుతూ పడుకుంటాయి. దగ్గరికి వెళ్ళనివ్వరు, బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి.